దాతలు కారు, ధర్మకర్తలు

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నేటి రాజకీయాలు - మన బాధ్యత" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను వక్తను కాను. రాజకీయ పండితుణ్ణి అంతకన్నా కాను. 1973లో రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 36 ఏళ్ళు కాగితాలతో కాపురం చేసి, 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుచేత పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా, ఒక గుమాస్తాకు అర్థమైనంత మేరకు మనవి చేస్తాను. మన సంఘంలో అన్ని పార్టీలను అభిమానించేవారూ ఉన్నారు. కాబట్టి ఇప్పటి ఏ పార్టీ పేరూ ఎత్తను. నేను చెప్పబోయేది అందరికీ వర్తించేదే.

ఎవరొచ్చినా ఒకటేనా?

నెల మొదట్లో బ్యాంకు దగ్గర నలుగురం కలుసుకున్నప్పుడు మాట బి.పి. మాత్రల దగ్గర మొదలైనా, చివరకు రాజకీయాల దగ్గరకే వచ్చి ఆగుతుంది. "ఎవరొచ్చినా ఒకటేనండీ, దొందూ దొందే" అని ఒకరంటారు. "మా నాన్నగారి కాలంలో నాయకులంటే నాయకులు" అని ఇంకొకరంటారు. ఇంటికి వెళితే మనవడు, "ఓటు వేసి లాభమేమిటి తాతయ్యా? ఆ రోజు సెలవు కదా, పడుకుంటాను" అంటాడు. మన నిస్పృహ మనతో పోవడం లేదు. ఇల్లూ పొలమూ రాసిచ్చినట్లు దాన్ని కూడా పిల్లలకు రాసిస్తున్నాం.

దీనికి కారణాలు లేకపోలేదు. ఒక గుర్తు మీద గెలిచిన సభ్యుడు ఏడాది తిరగకుండానే మరో కండువా కప్పుకుంటాడు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది. 2003లో దాన్ని మరింత బిగించారు. అయినా సభాపతి నిర్ణయం వెలువడేలోగా సభ గడువే తీరిపోయిన సందర్భాలు చూశాం. ఇక లోక్‌పాల్ సంగతి చూడండి. ఆ బిల్లును మొదటిసారి పార్లమెంటులో పెట్టింది 1968లో. చట్టమైంది 2013లో. మొదటి లోక్‌పాల్ ప్రమాణ స్వీకారం చేసింది 2019 మార్చిలో. ఒక కాగితం కదలడానికి 51 ఏళ్ళు! మన కచేరీలో ఫైలు నెలరోజులు ఆగితే "ఎందుకు పెండింగు పెట్టావు?" అని మెమో వచ్చేది.

ఇవన్నీ చూసినవారికి మనసు విరిగిపోవడం సహజమే. అయితే ఈ నిస్పృహ వల్ల లాభపడేది ఎవరో ఆలోచించండి. లెక్క చెప్పడం ఇష్టం లేనివాడే. "అందరూ దొంగలే" అని మనం అన్నప్పుడు దొంగకు కోపం రాదు. గుంపులో కలిసిపోయానని లోపల సంతోషిస్తాడు. మనసు కష్టపెట్టుకునేది నిజాయితీగా పనిచేస్తున్న ఆ కొద్దిమందే. అందుకని "అందరూ ఒకటే" అనడం కోపంలా వినబడినా, నిజానికి అది అందరికీ కలిపి ఇచ్చే క్షమాపణ పత్రం.

మనం లెక్క చెప్పిన తీరు

మిత్రులారా, మనలో ఎక్కువమంది చిన్న ఉద్యోగాలు చేసినవాళ్ళం. అయినా లెక్క చెప్పడమంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. క్యాష్ బుక్కు ఏ రోజుకారోజు ముగించాలి. వోచరు లేని ఖర్చు ఖర్చే కాదు. కొట్టివేత ఉంటే పక్కన పొడి సంతకం ఉండాలి. స్టాకు రిజిస్టరులో కుర్చీ ఒకటి తగ్గితే ఆ కుర్చీ ఏమైందో చెప్పాలి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది కొట్టుకుపోయారు. సహాయ కార్యక్రమాలకు పంపిన సిబ్బందిలో నేనూ ఒకణ్ణి. ఇల్లూ మనుషులూ పోయి, ఒంటిమీద బట్టతో మిగిలినవారికి బియ్యం, దుప్పటి ఇచ్చి, పట్టీ మీద వేలిముద్ర వేయించుకోవాలి. ఆ పని చేయడం నాకు మనస్కరించలేదు. "ఇటువంటివారి దగ్గర కూడా వేలిముద్రలా అండీ?" అని మా పై అధికారిని అడిగాను. ఆయన, "వేలిముద్ర వాళ్ళ మీద అనుమానంతో కాదోయ్, మన మీద. సరుకు వాళ్ళకు చేరిందనడానికి మన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే" అన్నారు. లెక్క అనేది పుచ్చుకునేవాణ్ణి అవమానించడానికి కాదు, పంచేవాడి చేతిని కనిపెట్టడానికి అని నాకు ఆ రోజు బోధపడింది.

పదవీ విరమణ చేసేటప్పుడూ అంతే. బకాయిలు ఏమీ లేవని ధృవపత్రం రానిదే పింఛను కాగితాలు కదలవు. నాకు తెలిసిన ఒక మిత్రుడికి, ఏ కార్యాలయమో చెప్పను, రెండు వందల రూపాయలు కూడా లేని పాత ఆడిట్ అభ్యంతరం తేలనందున గ్రాట్యుటీ ఏడాదికి పైగా ఆగింది. ఇప్పటికీ ఏటా మనం బ్రతికే ఉన్నామని రుజువు ఇచ్చుకుంటున్నాం. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం మీద పడకపోతే, మరో వేలు పెట్టి చూపిస్తున్నాం.

ఇదంతా తప్పని నేననను. ప్రజల సొమ్ముకు అంత కాపలా ఉండవలసిందే. మన వర్గంలోనూ చేయి చాపి పట్టుబడినవారున్నారు కనుక ఆ కాపలా అవసరమే. నా సందేహమల్లా ఒక్కటే. రెండు వందల రూపాయలకు ఇంత గట్టిగా నిలదీసే ప్రభుత్వంలో, కోట్ల ఖర్చుకు ఆదేశాలిచ్చేవారు ఎవరికి లెక్క చెబుతున్నారు?

ఏర్పాటు లేదని కాదు. రాజ్యాంగంలో 148 నుంచి 151 వరకు అధికరణాలు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కోసమే ఉన్నాయి. ఆ నివేదికలను చట్టసభ ముందు పెట్టాలి. ప్రజా పద్దుల సంఘం వాటిని పరిశీలించాలి. లోక్‌సభలో ఆ సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడుగా ఉండే సంప్రదాయం 1967 నుంచి వస్తున్నది. కాని జరిగేదేమిటి? నివేదికను తరచు సమావేశాల చివరి రోజున సభలో పెడతారు. మరునాడు పత్రికలో ఒక వార్త వస్తుంది. ఆ మరునాడు మనం మరచిపోతాం. గుమాస్తాకు ఆడిట్ అభ్యంతరం వస్తే జీతంలోంచి రికవరీ. పైవారికి వస్తే పత్రికలో ఒక మూల వార్త. తేడా అంతే!

దాతను ఎవరూ లెక్క అడగరు

ఎందుకిలా జరుగుతున్నదని ఆలోచిస్తే నాకు ఒక కారణం తోచింది. నేడు మీకు మనవి చేయదలచినది ముఖ్యంగా అదే. మనం నాయకుణ్ణి దాతగా చూడటం అలవాటు చేసుకున్నాం. దాతను ఎవరూ లెక్క అడగరు. పెళ్ళిలో భోజనం పెట్టినవాణ్ణి బియ్యం కిలో ఎంతకు కొన్నావని అడుగుతామా?

మన ఊళ్ళలో ఏ సిమెంటు రోడ్డు దగ్గరో, బస్సు షెల్టరు దగ్గరో పాతిన శిలాఫలకాలు చదవండి. "గౌరవనీయ పార్లమెంటు సభ్యులు శ్రీ ఫలానా గారి నిధులతో" అని ఉంటుంది. ఆ నిధులు వారివి కావు. ఎం.పి.ల నియోజకవర్గ అభివృద్ధి పథకం 1993 డిసెంబరులో మొదలైంది. 2011-12 నుంచి ఒక్కొక్క సభ్యునికి ఏడాదికి 5 కోట్ల రూపాయల మేరకు పనులు సిఫారసు చేసే అవకాశం ఇచ్చారు. సభ్యుడు చేసేది సిఫారసు మాత్రమే. మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. డబ్బు ఖజానాది. అంటే అగ్గిపెట్టె కొన్న కూలివాడి దగ్గర నుంచి పింఛనులో ఆదాయపు పన్ను కోయించుకున్న మన దాకా అందరిదీ. "అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్లు" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

బియ్యం సంచీ మీద బొమ్మ, పుస్తకం అట్ట మీద బొమ్మ, పట్టాదారు కాగితం మీద కూడా బొమ్మ. సభల్లో "నేను ఇచ్చాను, నేను ఇస్తాను" అన్న మాట తప్ప "మీ సొమ్ము ఇంత, ఇట్లా ఖర్చయింది" అన్న మాట వినబడదు. నేను పేదలకిచ్చే సహాయాన్ని ఆక్షేపించడం లేదు. దివిసీమలో ఆ దుప్పటి విలువేమిటో చూసినవాణ్ణి. వితంతువుకు పింఛను, పేదవాడికి బియ్యం అందవలసిందే. కాని అవి హక్కుగా అందాలి. ఒకరి దయవల్ల అందాయని చెప్పినప్పుడు, పుచ్చుకున్నవాడు తల వంచుకుంటాడు. తల వంచుకున్నవాడు ప్రశ్న అడగలేడు.

మన దేవాలయాల్లో ధర్మకర్త ఉంటాడు. ఆయనకు పూర్ణకుంభంతో స్వాగతం చెబుతాం. మొదటి తీర్థం ఇస్తాం. అంత మర్యాద చేసినా హుండీ తెరిచేటప్పుడు మాత్రం నలుగురి ఎదుట తెరిచి, నలుగురి ఎదుట లెక్కపెట్టి, కాగితం మీద సంతకాలు చేస్తారు. అందువల్ల ధర్మకర్తకు అవమానమని ఎవరూ అనుకోరు. సొమ్ము స్వామిది, ఆయన సంరక్షకుడు మాత్రమే. ప్రజా ప్రతినిధి కూడా అటువంటి ధర్మకర్తే. దండ వేద్దాం, ముందు వరుసలో కూర్చోబెడదాం. లెక్క మాత్రం అడుగుదాం.

ఈ తేడా మనకు ఎవరో కొత్తగా నేర్పనక్కరలేదు. మనం ఇవాళ ఇక్కడ సమావేశమైనదే దానికోసం. 1979లో కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరచి, 1979 మార్చి 31న గాని ఆ తరువాత గాని రిటైరైనవారికే అది వర్తిస్తుందన్నది. అంతకుముందు రిటైరైనవారికి లేదు. డి.ఎస్. నకారా అనే విశ్రాంత ఉద్యోగి, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వారు అడిగినది చాలా చిన్న ప్రశ్న. ఈ తేదీకి ఆధారమేమిటి? ప్రభుత్వం దగ్గర సరైన సమాధానం లేకపోయింది. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పింఛను యజమాని దయాదాక్షిణ్యం మీద ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు సంపాదించుకున్న హక్కని ఆ తీర్పు స్పష్టం చేసింది.

ఇచ్చేవాడు దాత కాడని ఆ రోజు మన విషయంలో తేలిపోయింది. మన పింఛనుకు వర్తించిన ఆ న్యాయం ఊరి రోడ్డుకు, బడికి, ఆసుపత్రికి వర్తించదా?

పూర్వం వారంతా దేవతలా?

"ఆ రోజుల్లో నాయకులు వేరు" అంటాం. కొంతవరకు నిజమే. బారిస్టరుగా లక్షలు గడించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు చివరి రోజుల్లో చేతిలో పైసా లేకుండా గడిపారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళారు. వారిని తలచుకుంటే చేతులు జోడించవలసిందే. కాని ఎవరో ఒక మహానుభావుడు మళ్ళీ పుట్టుకొస్తాడని ఎదురుచూస్తూ కూర్చుంటే పని జరగదు. ఆ రోజుల్లో జరిగిన మూడు సంఘటనలు చెబుతాను. వాటినుంచి నేను నేర్చుకున్నది వేరు.

మొదటిది 1956. సెప్టెంబరులో, అప్పటికింకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు ప్రమాదం జరిగింది. నూరుమందికి పైగా మరణించారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూగారు ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో ఘోర ప్రమాదం జరిగింది. ఈసారి శాస్త్రిగారు పట్టుబట్టి తప్పుకున్నారు. వంతెన కట్టింది ఆయన కాదు, రైలు నడిపింది ఆయన కాదు. అయినా శాఖ తనదే కనుక బాధ్యత తనదేనన్నారు.

రెండవది ముంద్రా వ్యవహారం. జీవిత బీమా సంస్థ 1957లో ఒక వ్యాపారి కంపెనీల్లో పాలసీదార్ల సొమ్ము 1 కోటీ 20 లక్షల రూపాయలకు పైగా పెట్టి వాటాలు కొన్నది. లోక్‌సభలో దీన్ని బయటపెట్టింది ఫిరోజ్ గాంధీగారు. ఆయన పాలక పక్ష సభ్యుడే. పైగా సాక్షాత్తు ప్రధానమంత్రికి అల్లుడు! ఎం.సి. చాగ్లాగారు జనం అందరూ చూస్తుండగా బహిరంగ విచారణ జరిపి, కొద్దివారాల్లోనే నివేదిక ఇచ్చారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారిగారు 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు.

మూడవది మన రాష్ట్రంలోనిదే. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసిన తీరుపై ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. తనపై వచ్చిన ఆరోపణలను అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేసి ఖండించలేదన్న విషయాన్ని 1964లో న్యాయస్థానం ఎత్తిచూపి, ఆ పథకాలను కొట్టివేసింది. పదవి వదలమని కోర్టు చెప్పలేదు. అయినా ఆయన ఆ ఏడు ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. దానివల్ల ఆయన గౌరవం తగ్గలేదు. 1977లో రాష్ట్రపతి పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యారు.

ఈ మూడింటిలో శాస్త్రిగారిది ఒక్కటే స్వచ్ఛందంగా జరిగినది. మిగతా రెండింటిలో ఎవరో ఒకరు అడిగారు. సభలో ఒకరు అడిగారు, కోర్టులో మరికొందరు అడిగారు. అడిగిన తరువాత కాగితాలు బయటికి వచ్చాయి. కాగితాలు వచ్చిన తరువాత పదవులు కదిలాయి. కాబట్టి ఆ కాలం గొప్పతనం నాయకుల మంచితనంలో మాత్రమే లేదు. అడిగినవాడిని శత్రువుగా చూడని పద్ధతిలో ఉన్నది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగకపోతే మంత్రి లెక్క చెబుతాడా?

నోటిమాట ఉత్తర్వులు

"ప్రభుత్వం నడపడం మీ క్యాష్ బుక్కు రాసినంత తేలిక కాదు, ప్రతిదానికీ లెక్కలడిగితే పనులు జరగవు" అని కొందరంటారు. న్యాయమైన మాటే. నిర్ణయాలు తీసుకునేవాడు ఒక్కోసారి పొరబడవచ్చు. ప్రతి నిర్ణయమూ ఫలించి తీరాలని నేననడం లేదు. నిర్ణయానికి కారణం కాగితం మీద ఉండాలంటున్నాను. మన కచేరీల్లో పద్ధతి తెలిసిందే. గుమాస్తా నోటు రాస్తాడు. సూపరింటెండెంటు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కింద రాస్తాడు. పదేళ్ళ తరువాత ఫైలు తెరిచినా ఎవరు ఏమన్నారో తెలుస్తుంది.

కాని మనలో చాలామందికి మరో అనుభవమూ ఉన్నది. "పైనుంచి ఫోను వచ్చింది, చేసెయ్యండి" అంటారు. పని జరిగిపోతుంది. రేపు విచారణ వస్తే ఫోను చేసినవారి పేరు ఎక్కడా ఉండదు. ఫైలు మీద సంతకం పెట్టినవాడే దొరుకుతాడు. 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, కేబినెట్ సెక్రటరీగా పనిచేసిన టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ తదితరులు వేసిన కేసులో, అధికారులు నోటిమాట ఆదేశాల మీద నడవరాదని, వాటిని రాతలో నమోదు చేయాలని చెప్పింది. నా దృష్టిలో ఇది పెద్ద తీర్పు. సంతకం లేని అధికారం ఉన్నంతకాలం జవాబుదారీతనం ఉండదు. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఈ తీర్పు సంగతి తప్పక చెప్పండి. "అయ్యా, ఆ మాట కాగితం మీద ఇప్పించండి" అని వినయంగా అడగడం నేర్పండి.

చేతిలో ఉన్న పనిముట్లు

మన ఉద్యోగ జీవితంలో చాలాకాలం పాటు సామాన్యుడికి లేని పనిముట్లు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో కూలిజనం, మస్టరు రోళ్ళు బహిరంగంగా చదివించారు. అటువంటి సభల్లోనే చనిపోయినవారి పేర్ల మీద కూడా కూలి రాసుకున్న సంగతులు బయటపడ్డాయి. అక్షరం రాని ఆ జనం ఎంచుకున్న నినాదం "మా డబ్బు, మా లెక్క". దాత ఎవరో, సొమ్ము ఎవరిదో ఆ నాలుగు మాటల్లో ఉన్నది. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. ఆ ఉద్యమాల ఫలితంగానే 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం అమలులోకి వచ్చింది.

మన దగ్గర కూడా ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో అందుకు ప్రత్యేకంగా ఒక సొసైటీని కూడా ఏర్పరచారు. ఊరి పిల్లలే రికార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, సభలో అందరి ముందూ లెక్క చదివి వినిపించారు. బయటపడిన సొమ్మంతా తిరిగి వసూలైందని చెప్పలేం. కాని కూలివాడు అధికారి ఎదుట నిలబడి "ఈ సంతకం నాది కాదు" అని చెప్పగలిగాడు. అది చిన్న విషయం కాదు.

ఎన్నికల సంగతి చూద్దాం. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల ప్రతి అభ్యర్థీ తన ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు ప్రమాణపత్రంలో ప్రకటించవలసి వచ్చింది. ఫలితం వెలువడిన 30 రోజుల్లో ఖర్చు లెక్క దాఖలు చేయాలి. 2022 నుంచి మన రాష్ట్రాల్లో ఆ ఖర్చుకు పరిమితి లోక్‌సభకు 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. కళ్ళముందు జరిగే ఖర్చుకూ, దాఖలయ్యే లెక్కకూ ఎంత దూరమో మీకందరికీ తెలుసు. పార్టీలకు ఎవరు ఎంత ఇచ్చారో ఓటరుకు తెలియకుండా చేసిన ఎన్నికల బాండ్లు 2018లో మొదలై, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా నడిచాయి.

పనిముట్లకు తుప్పు పట్టించే ప్రయత్నాలు ఎప్పుడూ ఉంటాయి. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళకు పైగా ఒక్క కమిషనరు కూడా లేకపోయారు. 2025 మే నెలలో గాని నియామకాలు జరగలేదు. కమిషన్ లేనప్పుడు అప్పీలు ఎవరు వింటారు? చట్టాన్ని రద్దు చేయకుండానే పడుకోబెట్టే పద్ధతి ఇది. అయినా పనిముట్టు మొద్దుబారిందని పారేయం కదా, సాన పడతాం.

మన వంతు

నాయకుల సంగతి చెప్పుకున్నాం. ఇక మన సంగతి. ఓటుకు నోటు మాట ఎత్తకుండా ఈ ప్రసంగం ముగిస్తే అది ఆత్మవంచన అవుతుంది. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నిక సమయంలో, డబ్బు కవర్లు తమకు అందలేదని కొందరు ఓటర్లు రోడ్డెక్కినట్లు పత్రికల్లో చదివాం. ఒకప్పుడు డబ్బు పంచడం తప్పు. ఇప్పుడు పంచకపోవడం తప్పయింది!

మనకు ఆక్విటెన్స్ రోలు అంటే తెలుసు. దాని మీద సంతకం పెట్టామంటే, మనకు రావలసినది ముట్టింది, ఇక మాకేమీ బాకీ లేదని అర్థం. ఎన్నికల రాత్రి నోటు తీసుకున్నవాడు ఆ అభ్యర్థి రోలు మీద అయిదేళ్ళకు కలిపి సంతకం పెట్టినట్లే. రేపు రోడ్డు లేదని వెళితే, "నీ లెక్క ముట్టింది కదా?" అన్న సమాధానమే వస్తుంది. అతను నోటితో అనకపోయినా మనసులో అనుకుంటాడు. ఇంట్లో ఎవరైనా పుచ్చుకోబోతే వారించవలసిన పెద్దరికం మనది. అట్లాగే కులం చూసి, "మనవాడు" అని ఓటు వేసినా అంతే. మనవాణ్ణి మనం లెక్క అడగం. అది కూడా ఒక రకమైన సంతకమే.

ఇక మన సంఘం చేయదగిన పనులు కొన్ని మనవి చేస్తాను. ఇవి ఎనభై ఏళ్ళవారు కూడా కుర్చీలో కూర్చుని చేయగలిగినవే.

ఒకటి, దరఖాస్తులు రాసిపెట్టడం. సమాచార హక్కు కింద వేసే దరఖాస్తులు చాలా వాటికి సరైన జవాబు రాకపోవడానికి ఒక కారణం, అడగడం తెలియకపోవడం. "మా వీధిలో రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే జవాబు రాదు. ఆ చట్టం రికార్డు ఇప్పిస్తుంది గాని అభిప్రాయం చెప్పించదు. "ఫలానా పనికి సంబంధించిన అంచనా, ఎం-బుక్కు, చెల్లింపు వోచరు నకళ్ళు ఇప్పించండి" అని రాయాలి. ఏ రిజిస్టరు ఏ సెక్షనులో ఉంటుందో మనకంటే ఎవరికి తెలుసు? ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. సమాచారం ఇవ్వడానికి గడువు 30 రోజులు. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున, 25 వేలకు మించకుండా జరిమానా. నెలకు ఒక రోజు మన సంఘం గదిలో ఇద్దరు కూర్చుని, వచ్చినవారికి ఉచితంగా దరఖాస్తు రాసిపెడితే చాలు.

రెండు, గ్రామసభకు వెళ్ళడం. చాలాచోట్ల రిజిస్టరులో సంతకాలు ఉంటాయి, సభలో మనుషులు ఉండరు. మనం వెళ్ళి ముందు వరుసలో కూర్చుని, ఆదాయ వ్యయాలు పైకి చదవమని మర్యాదగా అడుగుదాం. ఎదిరించనక్కరలేదు, అరవనక్కరలేదు. చదవమంటే చాలు.

మూడు, ఎన్నికలు వచ్చినప్పుడు అభ్యర్థుల ప్రమాణపత్రాలను మనవల సెల్‌ఫోనులో తీయించి, మన సంఘం నోటీసు బోర్డుకు అంటించడం. ఎవరికి ఓటు వేయమనీ చెప్పవద్దు. గతసారి ప్రకటించిన ఆస్తి ఇంత, ఈసారి ఇంత అని పక్కపక్కన రాస్తే చాలు. చదువుకున్నవాడు తానే కూడికలు తీసివేతలు వేసుకుంటాడు.

నాలుగు, బాగా పనిచేసిన ప్రతినిధిని, ఏ పార్టీవాడైనా సరే, పిలిచి అభినందించడం. లెక్క అడగడమంటే తప్పులు వెదకడమే కాదు. ఆడిట్‌లో అభ్యంతరం లేదని రాయడం కూడా ఉంటుంది. నిజాయితీపరుడికి ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

డాక్టర్ అంబేద్కర్‌గారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో, రాజకీయాల్లో వ్యక్తిపూజ పనికిరాదని, అది నియంతృత్వానికి దారితీస్తుందని హెచ్చరించారు. భక్తి గుడిలో ఉండాలి. పంచాయతీ ఆఫీసులో, శాసనసభలో లెక్క ఉండాలి.

మిత్రులారా, మన కరువు భత్యం బకాయిల కోసం ఎన్ని వినతిపత్రాలు ఇచ్చామో, ఎన్ని మెట్లెక్కామో మన కార్యదర్శిగారికి తెలుసు. అందులో తప్పు లేదు, అది మన హక్కు. అదే ఓపికలో పదోవంతు మన వీధి కాలువ కోసం, మన ఊరి బడి కోసం వెచ్చిద్దాం. ఓటు వేసి లాభమేమిటని అడిగే మనవడికి ఉపన్యాసం చెబితే వినడు. తాతయ్య అడిగితే ఆఫీసులోంచి ఎం-బుక్కు నకలు వచ్చిందని చూస్తే, వాడే నమ్ముతాడు. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచే ఆ దరఖాస్తుల బల్ల మొదలుపెట్టాలని నా ప్రతిపాదన. మొదటి నాలుగు వారాలు కూర్చోవడానికి నా పేరు రాసుకోవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. రెండో పేరు మీలో ఎవరిదో ఇప్పుడే చెప్పండి.